బుక్ చేసిన బండి ఎక్కడిదాకా వచ్చింది?

మా పెద్దన్న మిర్యాలగూడలో ఉంటాడు. ఆయన ఒక హైబ్రిడ్ కారు, అంటే పెట్రోల్ ఇంజిన్‌తోపాటు బ్యాటరీ, మోటారుతో కూడా నడిచే కారు బుక్ చేసినప్పుడు హైదరాబాద్ షోరూమ్ వాళ్లు మూడు నెలల్లో ఇస్తామన్నారు. పదకొండు నెలలు పట్టింది. అందులో మొదటి ఆరు నెలలూ నాకు ఫోన్ చేస్తే చాలు, పలకరింపు అయ్యాక మొదటి మాట ఒకటే: "బండి ఎప్పుడొస్తదటరా?" హైదరాబాద్‌లో ఉండేది నేను కాబట్టి షోరూమ్‌కు వెళ్లి కనుక్కునే పని నామీద పడింది. వెళ్లిన ప్రతిసారీ సేల్స్ కుర్రాడు "వచ్చే నెల పక్కా సార్" అనేవాడు. ఐదో నెలలో అతను ఉద్యోగం మానేశాడు. అతని స్థానంలో వచ్చిన అమ్మాయి బుకింగ్ రసీదు మళ్లీ వాట్సాప్‌లో పంపమంది.

ఈలోపు ఇంట్లో చాలా జరిగాయి. బిడ్డ పెళ్లి నాటికి కొత్త బండి వచ్చేస్తుందన్న నమ్మకంతో అన్న పాత కారు అమ్మేశాడు. పెళ్లి పనులన్నీ కిరాయి బండ్లతోనే నడిచాయి. బ్యాంకు ఇచ్చిన లోన్ మంజూరు పత్రానికి గడువు తీరిపోయి కాగితాలన్నీ మళ్లీ పెట్టాల్సి వచ్చింది. రెండోసారి వడ్డీ కొంచెం పెరిగింది. వదిన అయితే "పైసలు వాపసు తీసుకో, దొరికేవాటిలో ఏదో ఒకటి కొందాం" అని గట్టిగానే చెప్పింది. అన్నకు నిద్ర పట్టని రాత్రులు నాకు తెలుసు. కారు కోసం ఇంత టెన్షనా అని ఎవరికైనా అనిపించొచ్చు. ఇంటి అవసరాలన్నీ తీరాక, ఇన్నేళ్లకు తన ఇష్టం కొద్దీ కొనుక్కుంటున్న మొదటి వస్తువు అది.

ఆ తిరుగుడులోనే నేను ఈ విషయం గురించి చదవడం మొదలుపెట్టాను. ఫ్యాక్టరీలో ఏం జరుగుతుంది, షోరూమ్ చేతిలో ఏముంటుంది, కొనేవాళ్లు ఏం అడగాలి అని. చదివేకొద్దీ ఒకటి స్పష్టమైంది. అన్న పడ్డ బాధలో ఆలస్యం పాలు తక్కువ, ఎన్నాళ్లు పడుతుందో తెలియకపోవడం పాలు ఎక్కువ. మొదటి రోజే పదకొండు నెలలని చెప్పి ఉంటే పాత కారు అమ్మేవాడు కాదు, లోన్‌కు అంత ముందుగా పెట్టేవాడు కాదు, పెళ్లికి వేరే ఏర్పాటు చేసుకునేవాడు. ఫ్యాక్టరీ ఆలస్యాన్ని మనం ఆపలేం. తెలియనితనాన్ని మాత్రం చాలావరకు తగ్గించుకోవచ్చు. ముందు అసలు ఈ ఆలస్యం ఎక్కడ పుడుతుందో చూద్దాం.

అమెరికాలో ఒక చిన్న పికప్

మన దగ్గర పికప్ అంటే బత్తాయి లోడుతో నల్లగొండ నుంచి హైదరాబాద్ మార్కెట్‌కు పోయే బొలెరోనే గుర్తొస్తుంది. అమెరికాలో పికప్ ఇంటి బండి కూడా. ముందు కుటుంబం కూర్చుంటుంది, వెనక తొట్టిలో సామాను పడుతుంది. కాకపోతే అక్కడి పికప్‌లు బాగా పెద్దవి, పెట్రోల్ కూడా బాగా తాగుతాయి. అలాంటి చోట ఫోర్డ్ కంపెనీ 2021 జూన్‌లో మావెరిక్ అనే చిన్న పికప్‌ను చూపించింది. అన్నిటికన్నా చవక మోడల్‌లోనే హైబ్రిడ్ ఇంజిన్ పెట్టింది. మొదలు ధర 19,995 డాలర్లు. ఊళ్లో తిరిగితే గ్యాలన్‌కు 42 మైళ్లు, మన లెక్కలో లీటరుకు దాదాపు 18 కిలోమీటర్లు. కొద్ది నెలల్లోనే లక్షకు పైగా రిజర్వేషన్లు వచ్చిపడ్డాయి.

బండ్లు తయారయ్యేది మెక్సికోలోని ఎర్మొసియో ప్లాంటులో. ఆ ప్లాంటు ఎంత పరిగెత్తినా ఆర్డర్లను అందుకోలేకపోయింది. 2022 జనవరి చివర్లో ఆ ఏడాది మోడల్‌కు కొత్త ఆర్డర్లు తీసుకోవడమే ఆపేశారు. సెప్టెంబరులో 2023 మోడల్‌కు ఆర్డర్లు తెరిస్తే సుమారు వారంలోనే మళ్లీ మూసేయాల్సి వచ్చింది. ఈసారి మొదలు ధర 22,195 డాలర్లు. 2022 మొత్తం మీద అమెరికాలో అమ్మిన మావెరిక్‌లు 74 వేల పైచిలుకు. అంటే ఎంతోమంది చేతిలో ఆర్డర్ కాగితం ఉంది, బండి లేదు. మొదటి ఏడాది తయారుకాని ఆర్డర్లు కొన్ని తర్వాతి ఏడాది మోడల్‌కు జరిగాయి. 2024 మోడల్‌కు వచ్చేసరికి హైబ్రిడ్ కావాలంటే 1,500 డాలర్లు అదనంగా కట్టాల్సి వచ్చింది.

ఇక్కడ అసలు గమనించాల్సింది వేరే ఉంది. అదే మావెరిక్‌లో మామూలు టర్బో పెట్రోల్ ఇంజిన్ కోరుకున్నవాళ్లకు బండి త్వరగా దొరికింది, హైబ్రిడ్ అడిగినవాళ్లు ఆగిపోయారు. నవంబరులో బుక్ చేసిన పెట్రోల్ బండి ముందు వచ్చి, జులైలో బుక్ చేసిన హైబ్రిడ్ వెనకబడటం అక్కడ మామూలైపోయింది. ముందు వచ్చినవాడికి ముందు అనే రేషన్ షాపు లైను లెక్క ఇక్కడ పనిచేయదు. మీరు కోరిన బండికి కావాల్సిన భాగాలన్నీ ఏ వారం ఒక్కచోట దొరికితే ఆ వారం మీ వంతు.

హైబ్రిడ్‌కే ఎందుకింత ఆలస్యం

హైబ్రిడ్ బండిలో పెట్రోల్ ఇంజిన్, ట్యాంకు, సైలెన్సర్ అన్నీ మామూలుగానే ఉంటాయి. వాటికి తోడు ఒక బ్యాటరీ, ఆ కరెంటును మార్చి ఇచ్చే ఇన్వర్టర్, చక్రాలను తిప్పే మోటారు, జనరేటర్‌గా పనిచేసే ఇంకో మోటారు, ఇంజిన్‌కూ మోటార్లకూ ఎప్పుడు ఏది ఎంత పనిచేయాలో చెప్పే కంప్యూటర్లు. బ్రేకు వేసినప్పుడు వేడిగా పోవాల్సిన శక్తిని మోటారు కరెంటుగా మార్చి బ్యాటరీలోకి పంపుతుంది. మళ్లీ కదిలేటప్పుడు ఆ కరెంటు పనికొస్తుంది. ఆగి ఆగి పోయే ఊళ్లో హైబ్రిడ్‌కు మైలేజీ ఎక్కువ రావడానికి కారణం ఇదే. మావెరిక్‌కు ఊళ్లో 42 మైళ్లయితే హైవే మీద 33 మాత్రమే. చౌటుప్పల్ దాటాక ఒకే వేగంతో నల్లగొండ దాకా పోయేవాళ్లు ఈ తేడా మనసులో పెట్టుకోవాలి. మన జిల్లాల్లో చాలామందికి ఊరి తిరుగుడు కన్నా హైవే ప్రయాణమే ఎక్కువ.

ఇన్ని భాగాల్లో ఒక్కటి అందకపోయినా బండి పూర్తి కాదు. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లోని కరియాలో ఐసిన్ అనే కంపెనీ ప్లాంటు కాలిపోయింది. టయోటా బండ్ల బ్రేకుల్లో వాడే చిన్న వాల్వు ఎక్కువగా అక్కడే తయారయ్యేది. నిల్వలు పెట్టుకోకుండా అవసరమైనప్పుడే భాగాలు తెప్పించుకునే పద్ధతి టయోటాది. దాంతో ఆ చిన్న వాల్వు కోసం జపాన్‌లోని టయోటా ప్లాంట్లు దాదాపు అన్నీ కొన్ని రోజులు ఆగిపోయాయి. అప్పటి బండ్లలో కంప్యూటర్లు ఇప్పటికన్నా ఎంతో తక్కువ. ఇప్పుడు చిప్ లేనిదే అద్దం కూడా దిగదు.

కరోనా మొదలైన 2020లో బండ్లు అమ్ముడుపోవని కార్ల కంపెనీలు చిప్ ఆర్డర్లు రద్దు చేసుకున్నాయి. ఇళ్లలో ఉండిపోయిన జనం ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు, టీవీలు కొన్నారు. చిప్ ఫ్యాక్టరీల సామర్థ్యమంతా అటు పోయింది. కొన్ని నెలలకు కార్లకు గిరాకీ తిరిగొచ్చాక చూస్తే వీళ్లకు వంతు లేదు. ఒక చిప్ తయారు కావడానికే మూడు నెలలూ ఆపైనా పడుతుంది. దానికితోడు 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుపాను వచ్చి ఆస్టిన్‌లోని చిప్ ఫ్యాక్టరీలు ఆగాయి. మార్చి 19న జపాన్‌లో రెనెసాస్ కంపెనీ నాకా ప్లాంటులో మంటలు. ఎక్కడో జపాన్‌లో అంటుకున్న నిప్పు సెగ హాలియాలో, కల్వకుర్తిలో బండి బుక్ చేసినవాళ్లకు తగలడం అంటే ఇదే.

చిప్‌ల కరువు తగ్గాక అయస్కాంతాల కరువు వచ్చింది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్ల మోటార్లలో వాడే బలమైన అయస్కాంతాలకు డిస్ప్రోసియం, టెర్బియం లాంటి అరుదైన లోహాలు కావాలి. ఆ అయస్కాంతాల్లో దాదాపు 90 శాతం చైనాలోనే తయారవుతాయి. 2025 ఏప్రిల్ 4న చైనా ఏడు అరుదైన లోహాల ఎగుమతి మీద అనుమతుల నిబంధన పెట్టింది. తర్వాతి నెలలో అమెరికాలోని షికాగోలో ఫోర్డ్ ప్లాంటు ఒక వారం ఆగింది. మన దేశంలోని కంపెనీలు కూడా అనుమతుల కోసం ఎదురుచూశాయి. ఇలాంటివి ముందుగా చెప్పడం షోరూమ్‌లో కూర్చున్న కుర్రాడి వల్ల ఎలా అవుతుంది? అతను అబద్ధం చెబుతున్నాడని నేను చాలాకాలం కోపం పెట్టుకున్నాను. పై నుంచి అతనికి వచ్చిన అంచనానే అతను నాకు చెప్పాడు. "పక్కా" అన్న మాట మాత్రం చేర్చకుండా ఉండాల్సింది.

మరి ఎక్కువ తయారు చేయొచ్చు కదా అని అన్న అడిగేవాడు. బ్యాటరీ, మోటారు, ఇన్వర్టర్ తయారీ లైన్లు ఎంత పెద్దవి కావాలో కంపెనీ కొన్నేళ్ల ముందే లెక్క వేసి పెట్టుబడి పెడుతుంది. నూటికి ఇరవై మంది హైబ్రిడ్ అడుగుతారనుకుని లైన్ వేస్తే, అరవై మంది అడిగితే మిగతా నలభై మంది ఆగాల్సిందే. లైన్ పెంచడానికి ఏడాది, రెండేళ్లు పడుతుంది. పెంచాక గిరాకీ పడిపోతే నష్టమని కంపెనీలు తొందరపడవు.

మన దగ్గరి లైన్లు

మన దేశంలో 2021 అక్టోబరు 7న మహీంద్రా ఎక్స్‌యూవీ700కు 57 నిమిషాల్లో 25 వేల బుకింగులు వచ్చాయి. 2022 జులై 30న స్కార్పియో-ఎన్‌కు అరగంటలోపే లక్ష. అరగంటలో బుక్ అయిన లక్ష బండ్లు తయారు కావడానికి ఎన్ని నెలలు పడుతుందో ఊహించుకోవచ్చు. హైబ్రిడ్‌లలో ఇన్నోవా హైక్రాస్ సంగతి చూడండి. 2022 డిసెంబరులో ధరలు ప్రకటించారు. 2023 ఏప్రిల్‌లో అన్నిటికన్నా ఖరీదైన హైబ్రిడ్ మోడళ్లకు బుకింగులు ఆపేశారు. ఏడాది తర్వాత తెరిచి, కొద్ది వారాలకే మళ్లీ ఆపి, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఆ కాలమంతా అదే బండిలో హైబ్రిడ్ లేని పెట్రోల్ మోడళ్లకు బుకింగులు నడుస్తూనే ఉన్నాయి. మావెరిక్ కథే మళ్లీ ఇక్కడ.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. కంపెనీ ప్రతి షోరూమ్‌కు నెలకు ఇన్ని బండ్లని, అందులో ఈ వేరియంట్ ఇన్ని, ఈ రంగు ఇన్ని అని పంపుతుంది. కాబట్టి దేశమంతటికీ ఒకే వరుస ఉండదు. మీ షోరూమ్‌లో, మీ వేరియంట్‌లో, మీ రంగులో ఒక చిన్న వరుస ఉంటుంది, అందులో మీరున్నారు. త్వరగా వస్తుందని కొందరు రెండు మూడు షోరూముల్లో బుక్ చేస్తారు. దాంతో వరుసలు ఉన్నదానికన్నా పొడుగ్గా కనిపిస్తాయి. ఒకచోట బండి రాగానే మిగతావి రద్దు చేసుకుంటారు, అప్పుడు వరుస ఒక్కసారిగా ముందుకు జరుగుతుంది. అంచనాలు తప్పడానికి ఇదీ ఒక కారణం.

ఆల్మట్టి నుంచి సాగర్ దాకా

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ శాస్త్రవేత్తలు 2016లో ఒక పరిశోధన ప్రచురించారు. 45 మందిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఒక ఆట ఆడించారు. తెర మీద కనిపించే రాళ్ల కింద పాముందో లేదో చెప్పాలి. పాముంటే చేతికి చిన్న కరెంటు షాక్ తగులుతుంది. షాక్ తప్పదని తెలిసినప్పటి కన్నా, తగులుతుందో లేదో సగం సగంగా ఉన్నప్పుడే వాళ్ల ఒంట్లో ఒత్తిడి ఎక్కువగా కనిపించింది. అన్న సంగతి నాకు దీంతో అర్థమైంది. "వచ్చే నెల" అన్న మాట ప్రతి నెలా ఆయన్ను మళ్లీ ఆ సగం సగం దగ్గర నిలబెట్టింది.

ఇలాంటి ఎదురుచూపు మనవాళ్లకు కొత్త కాదు. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు వేసే రైతులు ప్రతి వానాకాలం ఇదే పరిస్థితిలో ఉంటారు. నీళ్లు ఎప్పుడు వదులుతారో ఎవరూ తేదీ చెప్పలేరు. అయినా మిర్యాలగూడ, హుజూర్‌నగర్ రైతులు చేతులు కట్టుకుని కూర్చోరు. ఆల్మట్టి నిండిందా, నారాయణపూర్ గేట్లు ఎత్తారా, జూరాలకు ఎంత వరద వస్తోంది, శ్రీశైలం 885 అడుగులకు ఎంత దూరంలో ఉంది, సాగర్ 590కి ఎంత తక్కువ ఉంది అని పేపర్లో రోజూ చూస్తారు. ఒక్కో ప్రాజెక్టు నిండేకొద్దీ నారుమడి ఎప్పుడు పోయాలో, కూలీలకు ఎప్పుడు చెప్పాలో వాళ్ల మనసులో లెక్క కుదురుతుంది. ఆల్మట్టి ఇంకా సగమే ఉంటే నాట్లకు సిద్ధమైపోరు.

బండికి కూడా ఇలాంటి మెట్లున్నాయి. మావెరిక్ కొన్నవాళ్లు ఈ మెట్లనే లెక్కపెట్టుకునేవాళ్లు: ఆర్డర్ కంపెనీ సిస్టమ్‌లోకి ఎక్కడం, తయారయ్యే వారం ఖరారు కావడం, బండికి గుర్తింపు నంబరు రావడం, తయారీ పూర్తవడం, మెక్సికో నుంచి రైలెక్కడం, డీలర్ దగ్గర దిగడం. ఇక్కడా అంతే. ఆరో నెలలో నేను షోరూమ్‌కు వెళ్లి ఎప్పుడొస్తుందని అడగడం మానేశాను. ఆర్డర్ అన్న పేరు మీద కంపెనీ సిస్టమ్‌లో ఎక్కిందా, ఆర్డర్ నంబరు ఎంత అని అడిగాను. ఇదే వేరియంట్, ఇదే రంగు కోసం మా ముందు ఎంతమంది ఉన్నారు, గత మూడు నెలల్లో అలాంటివి ఎన్ని వచ్చాయి అని అడిగాను. ఆ కొత్త అమ్మాయి కంప్యూటర్‌లో చూసి ఓపిగ్గా చెప్పింది. మా ముందు తొమ్మిది మంది. నెలకు ఒకటి, లేదంటే రెండు వస్తున్నాయి.

తొమ్మిదిని రెండుతో భాగిస్తే నాలుగున్నర నెలలు, ఒకటితో భాగిస్తే తొమ్మిది. అన్నకు ఫోన్ చేసి, ఇంకో ఐదు నుంచి తొమ్మిది నెలలు అని చెప్పాను. బాధపడతాడనుకున్నా. కాసేపు ఆగి, "అట్లయితే సెకండ్ హ్యాండ్ బండి ఒకటి చూడరా, ఏడాది తిప్పి అమ్ముదాం" అన్నాడు. ఆ తర్వాత రోజూ ఫోన్ చేసి అడగడం మానేశాడు. నెలకోసారి నేను కనుక్కుని చెప్పేవాణ్ణి: ముందు ఏడుగురు ఉన్నారు, ఇప్పుడు నలుగురు, ఒకాయన రద్దు చేసుకున్నాడు. ఇంకో ఐదు నెలలకు బండి వచ్చింది.

డబ్బు సంగతి

అన్నిటికన్నా ముఖ్యం, బుకింగ్ డబ్బు షోరూమ్ ఖాతాలోకే పోవాలి. సేల్స్ కుర్రాడి సొంత ఫోన్‌పే నంబరుకు ఎట్టి పరిస్థితుల్లోనూ పంపొద్దు. రసీదు మీద వేరియంట్, రంగు, రద్దు చేసుకుంటే ఎంత వాపసు ఇస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నవి రాయించుకోవాలి. నోటిమాటగా చెప్పిన డెలివరీ తేదీని కూడా ఒక వాట్సాప్ మెసేజ్‌గా పంపమనండి. తర్వాత గొడవ వస్తే అదే ఆధారం.

ధర విషయంలో చాలామంది పొరబడతారు. బుక్ చేసిన రోజు ధర మనదే అనుకుంటారు. ఫారం మీద చిన్న అక్షరాల్లో డెలివరీ నాటి ధర వర్తిస్తుందని ఉంటుంది. కంపెనీలు జనవరిలో ధరలు పెంచడం మామూలే. ధర పెరిగితే దానిమీద లెక్కగట్టే లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కూడా పెరుగుతాయి. అందుకే చేతిలో కొంత అదనంగా ఉంచుకోండి. ఆలస్యం ఒక్కోసారి కలిసొస్తుంది కూడా. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారినప్పుడు పెద్ద హైబ్రిడ్ కార్ల మీద సెస్సుతో కలిపి 43 శాతం ఉన్న పన్ను 40కి తగ్గింది. సరుకు రవాణా పికప్‌ల మీద 28 నుంచి 18కి తగ్గింది. ఆగస్టులో బండి రాలేదని బాధపడ్డవాళ్లలో కొందరికి ఆ బాధే లాభమైంది.

లోన్ సంగతి అన్న అనుభవం నుంచి చెబుతున్నాను. ఎంత వస్తుందో ముందు కనుక్కోండి, అంతవరకే. మంజూరు కాగితాలు బండి కేటాయించారన్న మాట వచ్చాక పెట్టుకోవచ్చు. ఛాసిస్ నంబరు (బండి గుర్తింపు నంబరు) చేతికి రాకుండా బ్యాంకు డబ్బు షోరూమ్‌కు పోకూడదు. డబ్బు విడుదలైన నాటి నుంచి వడ్డీ మొదలవుతుంది, బండి ఇంట్లో ఉన్నా లేకున్నా. పాత బండిని కొత్త బండి కళ్లతో చూసేదాకా అమ్మొద్దు. ఎక్స్చేంజ్ ధర నెలనెలా తగ్గుతుందని తొందరపెడతారు. తగ్గే ఆ కొన్ని వేలు కిరాయి బండ్లకు పెట్టే ఖర్చు ముందు తక్కువే.

హైబ్రిడ్ కోసం ఆగడం వల్ల ఎంత మిగులుతుందో కూడా లెక్క వేసుకోవాలి. నెలకు 1,000 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. మామూలు బండి లీటరుకు 16, హైబ్రిడ్ 22 ఇస్తే నెలకు 17 లీటర్లు మిగులుతుంది. లీటరు 107 రూపాయలనుకుంటే దాదాపు 1,800 రూపాయలు. ఎనిమిది నెలలు ఆగితే మీరు పోగొట్టుకునే పెట్రోల్ ఆదా పదిహేను వేల లోపే. అంటే ఆదా పోతుందని టెన్షన్ పడాల్సినంత మొత్తం కాదు. అలాగే హైబ్రిడ్‌కు అదనంగా కట్టే లక్షలు తిరిగి రావాలంటే ఎన్నేళ్లు పడుతుందో కూడా ఈ లెక్కే చెబుతుంది. తిరుగుడు తక్కువ ఉన్నవాళ్లు ఒకసారి ఆలోచించాలి.

బండి మీదే బతుకు ఆధారపడి ఉంటే నా సలహా వేరు. దేవరకొండలో బత్తాయి లోడింగ్ చేసేవాళ్లు, కొల్లాపూర్‌లో మామిడి తోలేవాళ్లు ఆగకూడదు. సీజన్ ఆగదు. పూర్తి హైబ్రిడ్ పికప్ మన దేశంలో అమ్మకానికే లేదు. అమెరికా వీడియోలు చూసి, రేపో మాపో ఇక్కడికి వస్తుందని ఉన్న బండి మార్చకుండా రిపేర్ల మీద రిపేర్లు చేయించుకుంటున్నవాళ్లు నాకు తెలుసు. దొరికే డీజిల్ బండి తీసుకుని పని చేసుకోవడమే మేలు.

ముహూర్తం గురించి ఒక మాట. ఆషాఢంలో, మూఢంలో చాలామంది బండి ఇంటికి తెచ్చుకోరు. మీకు ఆ పట్టింపు లేకపోతే ఆ మాట షోరూమ్‌లో ముందే చెప్పి ఉంచండి. ఎవరైనా వద్దనుకున్న బండి మీకు ముందుగా దొరికే అవకాశం ఉంటుంది. పూజ చెరువుగట్టులోనో మన్యంకొండలోనో మంచిరోజు చూసి తర్వాత చేయించుకోవచ్చు. రంగు విషయంలోనూ అంతే. మనసు రెండో రంగుకు ఒప్పుకుంటే వరుస సగానికి తగ్గొచ్చు. ఇష్టం లేని రంగుకు మాత్రం ఒప్పుకోవద్దు, పదేళ్లు చూడాల్సిన బండి.

ఆలస్యాన్ని అడ్డం పెట్టుకుని "యాక్సెసరీస్ ప్యాక్ తీసుకుంటే ముందు ఇస్తాం", "ఇన్సూరెన్స్ మా దగ్గరే తీసుకోవాలి" అనేవాళ్లు ఉంటారు. ఇన్సూరెన్స్ ఎక్కడ తీసుకోవాలన్నది కొనేవాళ్ల ఇష్టం. డబ్బు వాపసు ఇవ్వకుండా తిప్పుతుంటే ముందు రాతపూర్వకంగా అడగండి, తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. షోరూమ్ హైదరాబాద్‌లో ఉన్నా, 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. నల్లగొండ వాళ్లు నల్లగొండలో, పాలమూరు వాళ్లు మహబూబ్‌నగర్‌లో. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే రుసుము కూడా లేదు.

చివరి మెట్టు, ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిందన్న కబురు. బెంగళూరు వైపు నుంచి వచ్చే బండ్ల కంటైనర్లు 44వ నంబరు హైవే మీద అలంపూర్ చౌరస్తా, జడ్చర్ల దాటి వస్తాయి. పుణె వైపువి జహీరాబాద్ మీదుగా వస్తాయి. ఇన్నాళ్లు ఆగినవాళ్లు ఈ చివర్లో తొందరపడి ఏదీ చూడకుండా సంతకాలు పెట్టేస్తారు. డబ్బంతా కట్టేముందు బండిని పగటి వెలుతురులో చూడండి. బండితోపాటు కంపెనీ ఇచ్చే ఫారం 22లో తయారైన నెల, సంవత్సరం చూడండి. జనవరిలో ఇచ్చే బండి కిందటి డిసెంబరుది అయితే, అమ్మేనాడు అది ఒక ఏడాది పాతబండి కింద లెక్క. ఛాసిస్ నంబరు ఇన్వాయిస్‌తో సరిపోయిందో లేదో చూశాకే రిజిస్ట్రేషన్ చేయించుకోండి.

మొన్న వదిన వాళ్ల తమ్ముడు జడ్చర్ల నుంచి ఫోన్ చేశాడు. అతనూ ఒక హైబ్రిడ్ బుక్ చేశాడట, నాలుగు నెలలన్నారట, నిజంగా వస్తదా బావా అని అన్నను అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. అన్న ఫోన్ స్పీకర్‌లో పెట్టి, "అది పక్కనపెట్టు. నీ ముందు ఎంతమంది ఉన్నరు? నెలకు ఎన్ని వస్తున్నయ్?" అని అడిగాడు. అతను కనుక్కోలేదన్నాడు. రేపు పొద్దున షోరూమ్ తెరవంగనే అడిగి, కాగితం మీద రాసుకుని తనకు చెప్పమన్నాడు అన్న. పాత కారు అప్పటిదాకా అమ్మొద్దని కూడా రెండుసార్లు చెప్పాడు.